లైన్ ఖాళీగా ఉంచాలి

పోయిన వారం మా ఇంట్లో ల్యాండ్‌లైన్ తీసేశారు. రాగి తీగల మీద నడిచే పాత ఫోన్లన్నీ దేశమంతటా తీసేస్తున్నారట, ఇకమీదట అంతా ఇంటర్నెట్ మీదేనట. ఇంగ్లండు వచ్చి షెఫీల్డ్‌లో ఈ ఇల్లు కొన్నప్పటి నుంచీ ఆ ఫోను హాల్లో, మెట్ల పక్కన ఉండేది. అది చివరిసారి ఎప్పుడు మోగిందో గుర్తు లేదు. మోగినా, మీ కిటికీలు పాతబడ్డాయా, కొత్తవి వేయించుకుంటారా అని అడిగేవాళ్ళే. కంపెనీ నుంచి వచ్చినతను గోడలోంచి వైరు లాగి, చుట్ట చుట్టి, ఫోను నా చేతిలో పెట్టి, "ఉంచుకుంటారా, పారేయమంటారా?" అని మర్యాదగా అడిగాడు. పారేయమన్నాను. అతను వెళ్ళాక టీ పెట్టుకున్నాను గానీ తాగబుద్ధి కాలేదు. ఫోను అంటే నాకు ఒకప్పటి మా పిన్నే గుర్తొస్తుంది. పిన్ని గుర్తొస్తే ఆ రోజు ఇక ఏ పనీ సాగదు.

పిన్ని మా అమ్మకి ఆఖరి చెల్లెలు. అమలాపురం దగ్గర పుట్టి పెరిగింది. ఇంట్లో అందరికంటే వాగుడుకాయ అని పేరు. బాబాయి డాక్టరు. పెళ్ళయ్యాక ఆయన లీడ్స్‌లోనూ మాంచెస్టర్‌లోనూ ఆసుపత్రుల్లో ఆరేసి నెలల ఉద్యోగాలు చేసి చేసి, ఎక్కడా పైకి రానివ్వట్లేదని విసిగి, స్కాట్లాండ్ ఉత్తరాన ఒక లోయలో జీపీ, అంటే ఊరి డాక్టరు, ఉద్యోగం ఖాళీ ఉందంటే దరఖాస్తు పెట్టారు. ఇంటర్వ్యూకి ఇంకెవరూ రాలేదట. అప్పుడే అనుమానం రావలసింది అనేది పిన్ని. స్కాట్లాండ్ అంటే లీడ్స్ పక్కనే కాబోలు అనుకుని, వంటసామాన్లు కూడా సగమే సర్దుకుని రైలెక్కిందట. లోయ అంటే ఒక ఏరు, దాని పక్కన ఒక కారు మాత్రమే పట్టే రోడ్డు, రెండు వైపులా నల్లటి కొండలు. పొద్దున బయల్దేరితే లోయ చివరిదాకా పోయి రావడానికి మధ్యాహ్నం అయ్యేది. దారిలో ఎదురయ్యేవి గొర్రెలే. పక్కిల్లు అంటే మైళ్ళ దూరం. ఒక చిన్న బడి, పోస్టాఫీసు కూడా తనలోనే పెట్టుకున్న ఒక కొట్టు, ఒక చర్చి, డాక్టరుగారి ఇల్లు. ఆ ఇంటికి ఆనించి కట్టిన రెండు గదులే సర్జరీ, అంటే రోగుల్ని చూసే చోటు.

ఆ లోయ మొత్తానికి డాక్టరు ఒక్కరే కాబట్టి రోటా లేదు, వంతులు లేవు. పగలూ రాత్రీ బాబాయే. ఆయన రోగుల్ని చూడటానికి బయటికి వెళ్ళినప్పుడు ఫోను దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. ఉండాలని ఏ కాగితంలోనూ లేదు గానీ, ఇదివరకటి డాక్టరుగారి భార్య ఉండేది, అంతకు ముందావిడా ఉండేది. ఇల్లు చూపించడానికి వచ్చిన పెద్దావిడ పిన్నికి వంటగదికంటే ముందు ఫోను చూపించిందట. అప్పటినుంచీ పిన్ని ఆ ఫోనుకి కట్టేసిన మనిషైంది. బట్టలు ఆరేయడానికి వెళ్తే వంటింటి కిటికీ తెరిచిపెట్టి వెళ్ళేది, చలికాలమైనా సరే. స్నానానికి వెళ్తే తలుపు ఓరగా పెట్టేది. నేను చూస్తుండగానే ఎన్ని పులుసులు మాడాయో! మాడిన పులుసు పోస్తూ, "ఇది ఫలానా ఆవిడ మోకాలి నొప్పి, తిను," అనేది నవ్వుతూ.

ఆ కొండల మధ్య పేజరు పనిచేయదు. మొబైల్ మాట సరేసరి, షెఫీల్డ్‌లో కాలేజీ పిల్లల చేతుల్లోకి మొబైళ్ళు వచ్చేసిన రోజుల్లో కూడా అక్కడ అది ఒక బొమ్మ. అందుకని బాబాయి దారిలో ఉండగా ఇంకో చోట అవసరం వస్తే, పిన్ని రోడ్డు వెంబడి ఇళ్ళకి వరసగా ఫోన్లు చేసేది. "డాక్టరు మీ ఇల్లు దాటారా? దాటకపోతే కాస్త రోడ్డు మీదికెళ్ళి ఆపండి," అని. వాళ్ళు ఏ పని చేస్తున్నా వదిలేసి, వానలో గొడుగు వేసుకుని రోడ్డు మధ్యలో నిలబడేవాళ్ళు. అలా ఆయన్ని పట్టుకునేవాళ్ళు. పిన్నికి అందరూ గొంతులతోనే పరిచయం. ఇంగ్లీషు కూడా ఆ గొంతుల దగ్గరే నేర్చుకుంది. అవునంటే "ఐ" అనేది, ప్రతిదాని ముందూ చిన్న అనడానికి అక్కడివాళ్ళలా "వీ" తగిలించేది. తెలుగులో కూడా, "ఒక వీ గిన్నె ఇలా అందుకోవే," అనేది నాతో.

నేను పెళ్ళయి షెఫీల్డ్ వచ్చింది తొంభై ఎనిమిదిలో. మావారు సాఫ్ట్‌వేర్. ఊళ్ళో నాకు ఎవరూ తెలియదు. పిన్ని ఫోన్ చేసి, "ఒక్కదానివీ ఆ ఫ్లాట్‌లో గోడలు చూస్తూ ఏం కూర్చుంటావు, వచ్చెయ్," అని, వెంటనే, "సరేనే, ఇక పెట్టేస్తా, లైన్ ఖాళీగా ఉంచాలి," అంది. ఆ వేసవిలో వెళ్ళాను. ఇన్వర్నెస్ దాకా రైలు, అక్కణ్ణుంచి బాబాయి కారు. అప్పుడే మా చెల్లిని మొదటిసారి చూశాను. పిన్ని కూతురు, ఒక్కతే కూతురు. పదకొండేళ్ళది. తల్లి వాగుడంతా దానికే వచ్చింది. తెలుగు అంతా అర్థమయ్యేది, జవాబు మాత్రం స్కాటిష్ ఇంగ్లీషులో. పొద్దున్న కళ్ళు తెరిచింది మొదలు పిన్ని కొంగు పట్టుకుని వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ చెబుతూనే ఉండేది. గొర్రెపిల్ల కాలు విరిగిన సంగతి, టీచరు విగ్గు పెట్టుకుంటుందన్న అనుమానం, రాత్రి వచ్చిన కల. పిన్ని ఊఁ కొడుతూనే, ఒక చెవి మాత్రం హాలు వైపు ఉంచేది. ఫోను మోగగానే వేలు పైకెత్తి "ఆగు" అన్నట్టు చూపించేది. పిల్ల నోరు తెరిచినది తెరిచినట్టే ఆగిపోయి, తల్లి మళ్ళీ వచ్చాక ఆ ముక్క దగ్గర్నుంచే మొదలుపెట్టేది. చూసి నాకు నవ్వొచ్చేది.

ఆ సెప్టెంబరులో అది పెద్ద బడికి వెళ్ళింది. ఆ లోయ నుంచి పెద్ద బడికి రోజూ వెళ్ళి రావడం కుదరదు. పిల్లలంతా సోమవారం పొద్దున బస్సెక్కి వెళ్ళి, అక్కడి హాస్టల్లో ఉండి, శుక్రవారం సాయంత్రం వస్తారు. హాస్టల్ వరండాలో నాణేలు వేసే ఫోను ఒకటుండేది. సాయంత్రం తిండి అయ్యాక పిల్లలు దాని ముందు వరస కట్టేవాళ్ళు. మా చెల్లి రోజూ చేసేది. పిన్ని ఆ ఫోను కోసం మధ్యాహ్నం నుంచే ఎదురుచూసేది. తీరా మోగితే రెండు మాటలైనా కాకముందే, "సరే తల్లీ, తిన్నావుగా, లైన్ ఖాళీగా ఉంచాలి, మిగతాది శుక్రవారం చెబుదువుగాని," అనేది. ఇంకో లైను వేయించుకోవచ్చుగా అని అడిగాను. బాబాయి అడిగారట. లోయలోకి వచ్చే తీగల్లో ఖాళీ లేదని, కొత్త స్తంభాలు వేస్తే గానీ కుదరదని చెప్పారట. అప్పటి పాత ఎక్స్ఛేంజిలో, మనం మాట్లాడుతుండగా ఇంకొకరు చేస్తే తెలిసే వీలు కూడా లేదు. అవతలివాళ్ళకి ఎంగేజ్డ్ వస్తుంది, అంతే. అందుకే పిన్నికి అంత భయం.

ఆ మరుసటి ఏడాది నవంబరులో మావార్ని కంపెనీవాళ్ళు జర్మనీ పంపితే నేను మళ్ళీ పిన్ని దగ్గరికి చేరాను. అక్కడ నవంబరంటే మధ్యాహ్నం నాలుగింటికే దీపాలు పెట్టాలి. ఆ రోజు వాన. బాబాయి లోయ కింది వైపు ఎవరో ముసలాయన్ని చూడటానికి వెళ్ళారు. పిన్నీ నేనూ వంటింట్లో పప్పు రుబ్బుకుంటున్నాం. ఫోను మోగింది. లోయ పై చివర పొలంలో ఉండే ఒకావిడ. నెలల పిల్లవాడికి ఊపిరి ఆడట్లేదట, పెదాలు నీలమవుతున్నాయట. ఆమె అరుపు నాకు వంటింట్లోకి వినపడింది. పిన్ని గొంతు మాత్రం కొంచెం కూడా మారలేదు. పిల్లాణ్ణి నిటారుగా పట్టుకో, ఇప్పుడే పంపిస్తున్నా, అని పెట్టేసి, అంబులెన్సుకి చేసింది. పట్నం నుంచి అది రావడానికి గంటకి పైనే పడుతుందన్నారు. ముసలాయనింటికి చేసింది. డాక్టరు ఇప్పుడే వెళ్ళిపోయారన్నారు. దారిలో మొదటి ఇంటికి చేస్తే ఎవరూ తీయలేదు. రెండో ఇంట్లో తీశారు. "రోడ్డు మీదికి పరిగెత్తండి, ఆపి నాకు ఫోన్ చేయమనండి," అని పెట్టేసింది. పెట్టేసి, రిసీవరు మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడింది. చేతికి పప్పు అంటుకుని ఉంది.

ఫోను మోగింది. మోగీ మోగకముందే తీసింది. బాబాయి కాదు, మా చెల్లి. ఏడుస్తోంది. "మమ్, ఐ వాంట్ టు కమ్ హోమ్," అంది. హాల్లోకి వచ్చి పక్కనే నిలబడ్డ నాకు స్పష్టంగా వినిపించింది.

"ఇప్పుడు కాదు తల్లీ, పెట్టెయ్," అంది పిన్ని.

"మమ్, ప్లీజ్. జస్ట్ లిసెన్. ప్లీజ్ —"

"లైన్ కావాలమ్మా. మళ్ళీ చేస్తాను. పెట్టెయ్ నా తల్లివి కదూ!"

పిల్ల పెట్టలేదు. ఏడుస్తూనే ఏదో అనబోతోంది. పిన్ని వేలితో బటన్ నొక్కేసింది. నొక్కిన వేలు ఇంకా తీయకముందే మళ్ళీ మోగింది. ఈసారి బాబాయి.

ఆయన వెళ్ళారు. పిల్లవాడికి ఆక్సిజన్ పెట్టి, తల్లినీ పిల్లాణ్ణీ తన కార్లోనే వేసుకుని, సగం దారిలో అంబులెన్సుకి ఎదురెళ్ళి అప్పగించి, దాని వెంటే పట్నం వెళ్ళారు. పిల్లవాడు బతికాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని ఆసుపత్రివాళ్ళు చెప్పారట. బాబాయి పట్నం చేరి ఆ కబురు చెప్పాక గానీ పిన్ని హాస్టల్‌కి ఫోన్ చేయలేదు. వార్డెన్ తీసి, అమ్మాయి పైకి వెళ్ళిపోయిందండీ, పిలిస్తే రానంటోంది, పెద్ద విషయమేం కాదని చెప్పమంది, అన్నది. పిన్ని ఫోను పెట్టేసి నా వైపు తిరిగి, "పెద్ద విషయం కాదంటోంది," అంది, నేను వినలేదేమోనన్నట్టు. తర్వాత సింకు దగ్గరికెళ్ళి, ఆరిపోయి గట్టిపడ్డ పప్పుని చాలాసేపు కడుక్కుంది.

శుక్రవారం బస్సు దగ్గరికి పిన్నే వెళ్ళింది. సర్జరీలో బాబాయి ఉన్నారు కాబట్టి వెళ్ళగలిగింది. ఇంటికొచ్చాక పెసరట్లు వేసింది. ఎదురుగా కూర్చుని, "ఏమైందమ్మా ఆ రోజు?" అని అడిగింది. "నథింగ్. ఇట్స్ ఫైన్, మమ్," అంది పిల్ల. బాబాయి సంబరంగా పసివాడి సంగతి మొత్తం చెప్పారు. అది శ్రద్ధగా విని, "బేబీ ఇప్పుడు ఓకేనా?" అని అడిగి, తల వంచుకుని తింది. హాస్టల్లో ఎవరైనా ఏమైనా అన్నారా, కొట్టారా, బడిలో గొడవా, ఎన్ని విధాల అడిగినా అదే మాట. వార్డెన్‌కీ తెలియదు, టీచర్లకీ తెలియదు. ఆ రోజు దానికి ఏమైందో ఈ రోజు వరకూ మాలో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత కూడా రోజూ ఫోన్ చేసేది, మానలేదు. కాకపోతే పద్ధతి మారిపోయింది. "హాయ్ మమ్. తిన్నాను. బానే ఉన్నాను. లైన్ ఖాళీ చేస్తున్నా, బై." పిన్ని నోరు తెరిచేలోపు అయిపోయేది. శుక్రవారాలు ఇంటికొచ్చినా వంటింట్లో తిరగడం తగ్గింది. చదువుకుంటున్నానని గదిలో ఉండేది. పెద్దపిల్లవుతోంది కదా అన్నారు బాబాయి. అవుతున్న మాట నిజమే. కానీ సెలవులకి షెఫీల్డ్ వచ్చినప్పుడు మా ఇంట్లో అది నవ్వేది, నాతో ఏవో చెప్పేది. అమ్మ ఫోన్ చేసిందంటే మాత్రం వెంటనే గొంతు సర్దుకునేది.

కాలం గడిచి, అది మాంచెస్టర్‌లో యూనివర్సిటీకి వచ్చే నాటికి లోయలో రెండు మార్పులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఒకటి, సాయంత్రం ఆరు దాటాక వచ్చే ఫోన్లన్నీ ఎక్కడో నగరంలో ఉన్న సెంటర్‌కి మళ్ళించారు, డాక్టరుగారింటికి రావు. రెండోది, కొండ మీద మొబైల్ టవరు వేశారు. ఆ టవరు కోసం రెండేళ్ళు మీటింగులు జరిగాయి. కొండ అందం పాడవుతుందని సగంమంది, దానివల్ల గొర్రెలు ఈనడం మానేస్తాయని ఒక పెద్దాయన. టవరు వచ్చింది, గొర్రెలు ఈనుతూనే ఉన్నాయి, అందరికంటే ముందు ఆ పెద్దాయనే మొబైల్ కొన్నాడు. పిన్ని కూడా కొనుక్కుంది. సిగ్నల్ ఇంట్లో సరిగ్గా అందదు, గేటు దగ్గర బాగా వస్తుంది. కోటు వేసుకుని గేటు దగ్గర నిలబడి మొదటి ఫోన్ కూతురికే చేసింది.

తర్వాత నాకు చెప్పింది. "తీయగానే 'డాడ్ బానే ఉన్నారా, ఏమైంది?' అందే. ఏమీ కాలేదు, ఊరికే చేశానన్నాను. 'ఊరికేనా' అని ఊరుకుంది. నేనే ఏదో ఒకటి చెప్పాను. ఇంటి వెనక మంచు పడిందనీ, చింతపండు అయిపోయిందనీ. అన్నిటికీ 'రైట్, రైట్' అంది. చివర్న ఏమందో తెలుసా, 'ఐ విల్ లెట్ యూ గో, మమ్' అంది. ఇక నిన్ను వదిలేస్తాను, అని!"

"అది ఇక్కడివాళ్ళ అలవాటు పిన్నీ, ఫోన్ పెట్టేసేముందు అందరూ అలాగే అంటారు," అన్నాను.

"తెలుసులేవే. ఇన్నేళ్ళు ఈ ఫోన్లోనే బతికాను, నాకు తెలియదా? అయినా ప్రతిసారీ వదిలేస్తానంటుంటే..." అంది.

రెండువేల ఏడులో పిన్ని షెఫీల్డ్ వచ్చి, మాంచెస్టర్ తీసుకెళ్ళమని అడిగింది. ఇద్దరం వెళ్ళాం. చెల్లి ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి చిన్న ఫ్లాట్‌లో ఉండేది. మర్యాదగా టీ ఇచ్చింది, తన మంచం మీద దుప్పటి సర్ది తల్లిని కూర్చోబెట్టింది. నేను లేచి బయటికి పోబోతే, "ఉండు అక్కా," అంది. కాసేపయ్యాక పిన్ని, కప్పు పక్కన పెట్టి అడిగింది. "ఆ రోజు నువ్వు ఏం చెప్పాలనుకున్నావమ్మా?"

ఏ రోజని చెల్లి అడగలేదు. కిటికీ వైపు చూసింది. కింద ట్రామ్ పోయే చప్పుడు వినబడింది. "ఐ వజ్ ట్వెల్వ్, మమ్," అంది నెమ్మదిగా. "ఇప్పుడు చెప్పలేను. చెప్పినా అది అప్పటి మాట కాదు," అంది, ఇంగ్లీషులోనే.

"ఆ పసివాడు బతికాడే తల్లీ," అంది పిన్ని. బతిమాలుతున్నట్టు అంది.

"తెలుసు అమ్మా." అది తల్లితో తెలుగులో మాట్లాడగా అంతకు ముందు నేనెప్పుడూ వినలేదు. "బతికాడు. అందుకే నేను ఎప్పుడూ ఏమీ అనలేదు. ఏమంటాను?"

పిన్ని లేచి దాని తల మీద చెయ్యి వేసింది. చెల్లి కదలకుండా కూర్చుంది, చెయ్యి తోసేయలేదు, దగ్గరికీ జరగలేదు. కోపం లేదని చూస్తేనే తెలుస్తోంది. కోపముంటే బాగుండునని నాకు అనిపించింది.

మరుసటి ఏడాది బాబాయి రిటైరయ్యారు. లోయవాళ్ళంతా చేరి ఊరి హాల్లో విందు పెట్టారు. మేమూ వెళ్ళాం, చెల్లి కూడా మాంచెస్టర్ నుంచి వచ్చింది. డాక్టరుగారి గురించి ఒకరిద్దరు మాట్లాడారు గానీ, మిగతా అందరూ పిన్ని గురించే. మా నాన్న పడిపోయినప్పుడు ఆవిడ నాతో మాట్లాడుతూనే ఉందని ఒకరు. కాన్పు సమయంలో భయపడొద్దని తన కాన్పు సంగతి చెప్పిందని ఒకావిడ. భార్య పోయాక కారణం లేకపోయినా ఒంట్లో బాలేదని ఫోన్ చేసేవాణ్ణి, ఆమెకి తెలిసీ తెలియనట్టు వినేదని ఒక ముసలాయన. ఆ పిల్లవాడి తల్లి లేచి మాట్లాడబోయి ఏడ్చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్ళలో మా చెల్లీ ఉంది, అందరికంటే ఎక్కువసేపు కొట్టింది. పిన్నిని మాట్లాడమంటే లేచి నిలబడి, జనం వైపు కాకుండా కూతురి వైపు చూసింది. అలాగే మళ్ళీ కూర్చుంది. సిగ్గుపడుతోందనుకుని వాళ్ళు మళ్ళీ చప్పట్లు కొట్టారు.

తర్వాత హాలు వెనక కప్పులు కడుగుతుంటే చెల్లి గుడ్డతో తుడుస్తూ, తల ఎత్తకుండా, "అందరికీ అమ్మ దొరికింది కదక్కా," అంది ఇంగ్లీషులో. తడి కప్పు ఇంకొకటి అందించాను.

పిన్నీ బాబాయీ షెఫీల్డ్ వచ్చి మాకు దగ్గర్లోనే ఇల్లు తీసుకున్నారు. బాబాయి పోయి కొన్నేళ్ళైంది. చెల్లి ప్రతి ఆదివారం వస్తుంది. తల్లికి మందులు సర్దుతుంది, జీపీ దగ్గరికి తీసుకెళ్తుంది, గోళ్ళు తీస్తుంది. లోపం పెట్టదు. చూసినవాళ్ళు ఎంత మంచి కూతురో అంటారు, నిజమే. మొన్న ఆదివారం నేను వెళ్ళేసరికి ఇద్దరూ సోఫాలో పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. టీవీ కూడా పెట్టలేదు. పిన్నికి ఇప్పుడు వినికిడి కొంచెం తగ్గింది. అందుకని చెల్లి వైపు పూర్తిగా తిరిగి, దాని మొహంలోకి చూస్తూ కూర్చుంది, అదేమన్నా అంటే ఒక్క ముక్క కూడా పోనివ్వకూడదన్నట్టు. బయట వేసవి సాయంత్రం, వెలుతురు ఇంకా పోలేదు. వాళ్ళిద్దరికీ ఎక్కడికీ వెళ్ళే పని లేదు, ఎవరూ పిలిచేది లేదు. ఒకప్పుడు ఒక్క నిమిషం దొరకని వాళ్ళ మధ్య ఇప్పుడు కాలం అలా కుప్పలుగా పడి ఉంది, ఇద్దరిలో ఎవరికీ దానితో ఏం చేయాలో తెలియలేదు.